తలుపు తట్టే మర్యాద

ఇంటి పట్టున ఉండి చిన్న వ్యాపారం సాగిస్తున్న సోదరీమణుల నుండి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఒక విషయం తరచుగా కనిపిస్తోంది. బుర్ఖాలు, హిజాబులు కుట్టి అమ్మేవారు, అత్తరు సీసాలు నింపి పంపేవారు, అమెరికాలోనూ గల్ఫ్ దేశాలలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఆన్‌లైన్‌లో ఖుర్ఆన్ పఠనం నేర్పేవారు, అందరూ అడుగుతున్నది దాదాపు ఒక్కటే. ఒకసారి తమ వద్ద కొన్నవారి ఈమెయిల్ చిరునామాలు తమ దగ్గర ఉన్నాయి. వారికి అప్పుడప్పుడు ఉత్తరాలు పంపుతూ ఉంటే వ్యాపారం పెరుగుతుందని తెలిసినవారు చెబుతున్నారు. ఏం రాయాలి? ఎన్నిసార్లు పంపాలి? అసలు అలా పంపడం ధర్మసమ్మతమేనా?

ఆ చివరి ప్రశ్నను చివర అడిగారు గాని, మా దృష్టిలో అదే మొదటిది. దానికి సమాధానం దొరికితే మిగిలిన రెండింటికీ చాలావరకు దారి దొరుకుతుంది.

దివ్యఖుర్ఆన్ నూర్ సూరా 27, 28 ఆయతులలో అల్లాహ్ విశ్వాసులకు ఒక సామాజిక మర్యాదను నేర్పాడు. ఇతరుల ఇళ్లలోకి వారి అనుమతి తీసుకోకుండా, ఇంటివారికి సలాం చెప్పకుండా ప్రవేశించకూడదని, తిరిగి వెళ్లమంటే తిరిగి వెళ్లిపోవాలని, అదే మీకు పరిశుద్ధమైన పద్ధతి అని అక్కడ బోధించాడు. దీనినే పండితులు ‘ఇస్తిజాన్’ అన్నారు. హదీసు గ్రంథాలలో దీనికోసం ప్రత్యేక ప్రకరణాలే ఉన్నాయి. ఈమెయిల్ పెట్టె కూడా ఒక ఇంటి గుమ్మం వంటిదే. అక్కడ మనిషి తన ఉద్యోగపు కబురు చదువుకుంటాడు, ఆసుపత్రి రిపోర్టు చూసుకుంటాడు, దూరాన ఉన్న కుమార్తె రాసిన నాలుగు మాటలు చదివి కళ్లు తుడుచుకుంటాడు. అటువంటి చోట అడుగు పెట్టాలనుకునే వ్యాపారి ఆ ఆయతులు చదువుకుని బయలుదేరడం మంచిది.

వాట్సాప్ ఉండగా ఈమెయిల్ ఎందుకని కొందరికి సందేహం. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి చేర్చలేము. అదీగాక, మన నంబరును తమ ఫోనులో భద్రపరచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. విదేశాలలో ఉన్న కొనుగోలుదారులు బిల్లులు, రసీదులు, కొరియర్ వివరాలు ఈమెయిల్‌లోనే చూసుకోవడానికి అలవాటు పడ్డారు. చిరునామాల పుస్తకం మన చేతిలోనే ఉంటుంది కనుక ఏదో ఒక కంపెనీ తన నియమం మార్చినంత మాత్రాన మన దుకాణం మూతపడదు. ఈ సౌకర్యం నిజమైనదే. దానితోపాటు వచ్చే బాధ్యత కూడా అంతే నిజమైనది.

చిరునామా తెలిసి ఉండటం వేరు, రమ్మని పిలుపు ఉండటం వేరు. మన వీధిలో ప్రతి ఇల్లూ మనకు తెలుసు. అంతమాత్రాన ప్రతి ఇంట్లోకీ నడిచి వెళ్లము కదా. ఒక సోదరి మీ వద్ద ఒక బుర్ఖా కొని, రసీదు కోసం ఈమెయిల్ ఇచ్చిందంటే ఆమె రసీదుకే అనుమతి ఇచ్చింది. ‘కొత్త నమూనాలు వచ్చినప్పుడు మీకు రాయమంటారా?’ అని ఒక్క మాట అడిగి, ఆమె సరేనన్నాక రాయడం పద్ధతి. ఇక మస్జిదు కార్యక్రమానికి పేర్లు నమోదు చేసిన కాగితం, పెళ్లి ఆహ్వానాల జాబితా, మదరసాలో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు వంటి వాటి నుండి చిరునామాలు ఏరుకుని వ్యాపార సందేశాలు పంపేవారు ఉన్నారు. ఆ వివరాలు ఇచ్చినవారు దీని పని మీద వాటిని ఇచ్చి, మన మంచితనాన్ని నమ్మి ఊరుకున్నారు. ఒక పనికి అప్పగించిన దానిని మరొక పనికి వాడటం అమానతులో లోపమే అవుతుంది. వేల చిరునామాలను డబ్బుకు అమ్మేవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇతరుల ఇళ్ల తాళాలను సంతలో అమ్మేవారి నుండి కొనడం ఎటువంటిదో పాఠకులే ఆలోచించగలరు.

మన దేశపు చట్టం కూడా ఇప్పుడు ఇదే దారిలోకి వస్తోంది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమ్మతి అనేది స్వేచ్ఛగా, ఏ పని కోసమో స్పష్టంగా తెలిసి ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత సులువుగా దానిని వెనక్కి తీసుకునే వీలు కూడా ఉండాలి.

పిలవని ఈమెయిల్‌కు చరిత్ర ఉంది. 1978 మే నెలలో అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ కంపెనీకి చెందిన గ్యారీ థ్యూర్క్ తమ కొత్త యంత్రాల ప్రదర్శనకు రమ్మంటూ ఆర్పానెట్‌లోని దాదాపు 400 మందికి ఒకే సందేశం పంపాడు. ఆ రోజుల్లో అది పరిశోధకులు వాడుకునే చిన్న వ్యవస్థ. అందుకున్నవారిలో చాలామందికి కోపం వచ్చింది, ఫిర్యాదులు వెళ్లాయి. అటువంటి సందేశాలకు తరువాతి కాలంలో ‘స్పామ్’ అనే పేరు స్థిరపడింది. అది నిజానికి డబ్బాలో అమ్మే పంది మాంసపు పేరు. ఒక ఆంగ్ల హాస్య నాటికలో ఫలహారశాలలోని ప్రతి వంటకంలోనూ, ప్రతి మాటలోనూ అదే వచ్చిపడి ఇతరుల సంభాషణను ముంచేస్తుంది. ఆ నాటిక నుండే పేరు ఇటు వచ్చింది. మన సందేశానికి కనీసం ఆ పేరు తగలకుండా చూసుకోవడానికి ముస్లిం వ్యాపారికి ఇతరుల కన్నా ఒక కారణం ఎక్కువే ఉంది!

సరే, అనుమతి దొరికింది. తలుపు దగ్గర ఎలా నిలబడాలి? ఇక్కడ మహాప్రవక్త (స) సంప్రదాయంలో మనకు చక్కని వివరాలు ఉన్నాయి. బనూ ఆమిర్ తెగకు చెందిన ఒక వ్యక్తి వచ్చి నేరుగా ‘లోపలికి రానా?’ అని అడిగితే, ముందు సలాం చెప్పి ఆ తరువాత అనుమతి అడగాలని అతనికి నేర్పమని దైవప్రవక్త (స) తన సేవకునికి చెప్పినట్లు అబూదావూద్ సంకలనంలో ఉంది. హజ్రత్ జాబిర్ (ర) తన తండ్రి చేసిన అప్పు విషయమై మాట్లాడటానికి వచ్చి తలుపు తట్టారు. ఎవరు అని లోపలి నుండి ప్రశ్న వచ్చింది. జాబిర్ (ర) ‘నేను’ అన్నారు. దైవప్రవక్త (స) ఆ జవాబును ఇష్టపడలేదన్నట్లు ఆ మాటనే రెండుసార్లు పలికారు. ఇది బుఖారీలోని ఉల్లేఖనం. ‘నేను’ అంటే లోపలివారికి ఏం తెలుస్తుంది?

ఇవాళ మన ఈమెయిల్ పెట్టెలు తెరిచి చూస్తే ‘నేను’ అని చెప్పుకునే సందేశాలే ఎక్కువ. పంపినవారి పేరు స్థానంలో ‘ఆఫర్లు’ అనో, ‘సమాచారం’ అనో ఉంటుంది. జవాబు రాస్తే ఎవరికీ చేరని చిరునామా ఉంటుంది. పలకరించి, తిరిగి పలికితే వినని మనిషితో బంధుత్వం ఎలా కలుస్తుంది? మీరు పంపే ఉత్తరం మీద మీ దుకాణం పేరు, ఊరు, జవాబు రాస్తే మీరే చదివే చిరునామా ఉండాలి. అమెరికాలో 2004 జనవరి నుండి అమలులో ఉన్న చట్టం వ్యాపార ఈమెయిళ్లలో పంపినవారి తపాలా చిరునామా ఉండాలని, మోసపుచ్చే శీర్షిక పెట్టరాదని, వద్దన్నవారికి పది పనిదినాలలోగా ఆపాలని నిర్బంధించింది. అక్కడి కొనుగోలుదారులకు రాసే మన సోదరీమణులు దీనిని గుర్తుంచుకోవాలి.

ఉత్తరం పైన రాసే ఒక్క వాక్యపు శీర్షిక, దానినే సబ్జెక్టు లైన్ అంటున్నాం, అదే మన సలాం. లోపల ఉన్నదేమిటో అది చెప్పాలి. ఎవరో ఆత్మీయులు రాసిన జవాబులా భ్రమింపజేయడానికి కొందరు శీర్షిక ముందు ‘రిప్లై’ గుర్తు పెడతారు. ‘మీ ఆర్డరులో ఒక సమస్య’ అని భయపెట్టి తెరిపించి, లోపల తగ్గింపు ధరల పట్టిక చూపిస్తారు. తెరిచిన వారి సంఖ్య ఆ రోజుకు పెరుగుతుంది. ఆ మరుసటి ఉత్తరం నుండి ఆ పేరు చూడగానే మనిషి ముఖం తిప్పుకుంటాడు.

తలుపు దగ్గర మరొక మర్యాద కూడా ఉంది. ఒక వ్యక్తి దైవప్రవక్త (స) గదిలోకి తలుపు రంధ్రంలో నుండి తొంగి చూశాడు. ఆ సమయంలో ఆయన చేతిలో ఇనుప దువ్వెన ఉంది. నీవు చూస్తున్నావని నాకు తెలిసి ఉంటే దీనితో నీ కంటిని పొడిచి ఉండేవాడినన్నంత కఠినంగా ఆయన హెచ్చరించారు, అనుమతి అనే నియమం చూపు కోసమే విధించబడిందని వివరించారు. ఇదీ బుఖారీలోనిదే. చూపు ముందుగా లోపలికి వెళ్లిపోయాక కాలు బయట ఆగి ఏం లాభం?

ఈమెయిళ్లలో అటువంటి రంధ్రం ఒకటి ఉంది. ఉత్తరంలో కంటికి కనబడనంత చిన్న చిత్రాన్ని దాచి పెడతారు. అందుకున్నవారు తెరవగానే ఆ చిత్రం పంపినవారి కంప్యూటరు నుండి లోడవుతుంది. దానితో ఎవరు, ఏ సమయాన, ఎన్నిసార్లు తెరిచారో అవతలివారికి తెలిసిపోతుంది. సందేశాలు పంపిపెట్టే సేవలలో చాలావాటిలో ఈ ఏర్పాటు మనం అడగకుండానే ఉంటుంది. 2021లో ఆపిల్ కంపెనీ తన మెయిల్ వాడేవారికి దీని నుండి రక్షణ కల్పించింది. ఆ చిత్రాలను తానే ముందుగా తెచ్చిపెట్టుకోవడంతో నిజంగా ఎవరు తెరిచారన్న లెక్క నమ్మదగినదిగా లేకుండా పోయింది. ‘నిన్న రాత్రి మా ఉత్తరం చదివారు, కానీ ఆర్డరు పెట్టలేదేం?’ అని ఒక కొనుగోలుదారుని అడిగితే ఆమె మనసు ఎంత కలవరపడుతుందో ఊహించుకోండి. హుజురాత్ సూరా 12వ ఆయతులో కూపీలు లాగడాన్ని అల్లాహ్ నిషేధించాడు. మొత్తం మీద ఎందరికి ఉత్తరం ఉపయోగపడింది అన్నది తెలుసుకోవాలంటే వచ్చిన జవాబులను, ఆర్డర్లను లెక్కబెడితే చాలు. ఇంటి వ్యాపారానికి అంతకు మించిన లెక్క అవసరం లేదని మేము భావిస్తున్నాం. ఆ ఏర్పాటును సెట్టింగులలో ఆపివేసుకోవచ్చు.

ఇప్పుడు లోపల రాసే మాటల సంగతి. ఇక్కడే అసలైన పరీక్ష ఉంది.

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి అందులో చేయి పెట్టి చూశారు. వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన పడిందని వర్తకుడు చెప్పాడు. ప్రజలకు కనబడేలా తడిసిన భాగాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించారు, మోసం చేసేవాడు తన వాడు కాడని స్పష్టంగా ప్రకటించారు. ముస్లిం సంకలనంలోని ఈ ప్రవచనాన్ని మనం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. అయితే ఒక్క విషయం గమనించండి. ఆ వర్తకుడు అబద్ధం చెప్పలేదు. అడిగినప్పుడు వాన సంగతి దాచనూ లేదు. తడి వానది, తప్పు తనది కాదు. అతని లోపమల్లా అమరికలో ఉంది. పొడి గింజలు పైన, తడి గింజలు కింద.

నేటి వ్యాపార సందేశాలలో పెద్ద పెద్ద అక్షరాలూ చిన్న చిన్న అక్షరాలూ సరిగ్గా ఆ రాశి వంటివే. ‘సగం ధరకే’ అన్నది పైన మెరుస్తుంది. కొరియర్ ఖర్చు వేరని, మార్పిడి లేదని, రంగు కొద్దిగా వదులుతుందని అడుగున కనీకనబడక ఉంటుంది. ‘రెండే మిగిలాయి’ అన్న మాట ఇంకొకటి. అల్మారాలో నలభై ఉండగా రెండే మిగిలాయని రాయడం అబద్ధం, అందులో చర్చకు తావులేదు. ‘ఈ రాత్రితో ఆఖరు’ అని రాసి మరుసటి ఉదయం ‘మీ కోరికపై మరో మూడు రోజులు’ అని పొడిగించడం కూడా అంతే, ఎవరూ కోరకపోయినప్పుడు. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచి పాడటాన్ని, అంటే ‘నజష్’ను, దైవప్రవక్త (స) నిషేధించారు. ఇతరులు ఎగబడుతున్నారన్న భ్రమ కల్పించి కొనేవాని చేత తొందరపడి కొనిపించడమే దాని సారం. మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న జారీ చేసిన మార్గదర్శకాలలో పదమూడు రకాల వంచన పద్ధతులను పేర్కొన్నది. వాటిలో మొదటిది ఈ కృత్రిమమైన తొందరే. ‘వద్దు’ అని నొక్కేవారిని ‘నాకు నా కుటుంబ క్షేమం అవసరం లేదు’ వంటి వాక్యంతో సిగ్గుపడేలా చేయడం కూడా ఆ జాబితాలో ఉంది. చట్టం ఇప్పుడు చెప్పింది, మన ఇళ్లలో ఈ పాఠం ఎప్పటి నుండో ఉంది.

నిజమైన గడువు చెప్పడంలో తప్పేమీ లేదు. చెప్పకపోతేనే కొనేవారికి నష్టం. ఇద్దరు మనుషులు కుట్టే దుకాణంలో పండుగ ముందు ఎన్ని కుట్టగలరో అంతే కుట్టగలరు. ఆ మాటను ఉన్నదున్నట్లు రాస్తే అది సమాచారం అవుతుంది. ఉదాహరణకు ఒక సోదరి ఇలా రాయవచ్చు:

విషయం: రమజాన్ కుట్టుపని, షాబాన్ 20 వరకే ఆర్డర్లు

అస్సలాము అలైకుమ్. గత ఏడాది మీరు మా వద్ద రెండు బుర్ఖాలు కుట్టించుకున్నారు, జజాకల్లాహ్. ఈసారి మేము ఇద్దరమే కుడుతున్నాం. రోజుకు మూడుకు మించి పూర్తి చేయలేము కనుక షాబాన్ 20 తరువాత వచ్చిన పని పండుగలోగా అందదు. ముదురు నీలం బట్ట మొదటి రెండు ఉతుకులలో కొంచెం రంగు వదులుతుంది, విడిగా ఉతకాలి. గత ఏడాది తీసుకున్నవి ఇంకా బాగున్నట్లయితే చేతుల అంచులు మాత్రం మార్చి ఇవ్వగలము, కొత్తది అవసరం ఉండదు. ఏ సందేహమున్నా ఈ ఉత్తరానికే జవాబు రాయండి, నేనే చదువుతాను. ఈ ఉత్తరాలు ఇకపై వద్దనుకుంటే కింద ఉన్న ‘ఇక చాలు’ అన్న మాట నొక్కండి.

ఇందులో పెద్ద నేర్పు ఏమీ లేదు. రంగు వదులుతుందన్న వాక్యాన్ని కొందరు తీసివేయమంటారు. మేము దానినే ఉంచమంటాం. తడి గింజలను పైన పెట్టిన వాక్యం అది. అంచులు మార్చి ఇస్తామన్న వాక్యం వల్ల ఒక కొత్త బుర్ఖా అమ్మకం పోవచ్చు. హజ్రత్ జరీర్ (ర) ప్రతి ముస్లిం పట్ల శ్రేయోభిలాషతో మెలుగుతానని దైవప్రవక్త (స) చేతిలో చేయి వేసి ప్రమాణం చేసినవారు. ఆయన కోసం 300 దిర్హములకు ఒక గుర్రాన్ని బేరమాడి తెస్తే, అది అంతకన్నా ఎక్కువ విలువ చేస్తుందని అమ్మేవానికి తానే చెప్పి, పెంచుకుంటూ పోయి 800 ఇచ్చారని ఉల్లేఖించబడింది. అంత ఎత్తుకు మనం వెళ్లలేకపోయినా, అవసరం లేనిదాన్ని అవసరమని నమ్మించకుండా ఉండగలం. హనఫీ ఫిఖహ్‌కు మూలపురుషుడైన ఇమామ్ అబూహనీఫా (రహ్మ) స్వయంగా బట్టల వర్తకుడు. లోపమున్న బట్టను ఆ లోపం చెప్పకుండా భాగస్వామి పొరపాటున అమ్మివేస్తే, కొన్నవారు ఎవరో తెలియక ఆ సొమ్మంతా దానం చేశారని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు.

మరో విషయం కాస్త నొప్పి కలిగించేదైనా చెప్పక తప్పదు. ధర్మాన్ని ఎర చేయడం. ‘ఇన్షా అల్లాహ్ ఈ ఆఫర్ మీ తఖ్దీరులో ఉంది’, ‘నిజమైన ముస్లిం సోదరి అయితే మా వద్దే కొంటుంది’, ‘ఈ సందేశాన్ని పదిమందికి పంపితే శుభవార్త వింటారు’ వంటి మాటలతో అత్తరూ ఖర్జూరమూ అమ్మేవారు ఎక్కువవుతున్నారు. ప్రమాణాలు చేస్తే సరుకు చెల్లుబాటవుతుంది గాని శుభం తుడిచిపెట్టుకుపోతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అల్లాహ్ పేరును అంగడి పలకగా మార్చడం ప్రమాణం కన్నా తేలికైన విషయమేమీ కాదు. కలౌంజీ నూనెకు, తేనెకు హదీసును అతికించి, దానిపై వైద్యం చెప్పని రోగాలన్నిటినీ రాసిపెట్టడం మరీ ప్రమాదం. అది నమ్మి మందులు మానేసిన రోగికి ఏదైనా జరిగితే ఆ భారం ఎవరిది? ధర్మాదాయ సంస్థల విజ్ఞప్తులు కూడా కొన్ని ఈ దారినే పడుతున్నాయి. జకాత్, సదఖాల కోసం రాసే ఉత్తరాలలో అనాథ పిల్లల ముఖాలను ఏడుపుతో సహా ముద్రించి పంపవలసిన అవసరం లేదు. ఇచ్చినవారి సొమ్ము దేనికి ఖర్చయిందో ఒక పేరా రాసి పంపితే ఇచ్చినవారు మళ్లీ ఇస్తారు.

ఇక ఎన్నిసార్లు? దీనికి సంఖ్య అడుగుతారు. ప్రతి వ్యాపారానికీ ఒకే సంఖ్య ఉండదు. కాని ఒక హద్దు ఉంది. హజ్రత్ అబూమూసా అష్అరీ (ర) హజ్రత్ ఉమర్ (ర) ఇంటికి వెళ్లి మూడుసార్లు అనుమతి అడిగారు. లోపల పనిలో ఉన్న ఉమర్ (ర) నుండి జవాబు రాలేదు. అబూమూసా (ర) తిరిగి వెళ్లిపోయారు. తరువాత ఉమర్ (ర) ఎందుకు వెళ్లిపోయావని అడిగితే, మూడుసార్లు అడిగి అనుమతి దొరకకపోతే తిరిగి వెళ్లాలన్న దైవప్రవక్త (స) ఆదేశాన్ని వినిపించారు. ఉమర్ (ర) దానికి సాక్ష్యం కోరితే హజ్రత్ అబూసయీద్ ఖుద్రీ (ర) వచ్చి సాక్ష్యమిచ్చారు. తలుపు తట్టిన వ్యక్తి గొప్ప సహాబీ, లోపల ఉన్నది ఖలీఫా. అయినా మూడుతో ఆగింది.

మరో సంఘటన దీనికన్నా హృద్యమైనది. దైవప్రవక్త (స) హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (ర) ఇంటి గుమ్మం వద్ద నిలబడి సలాం చెప్పారు. ఆ పవిత్ర నోటి నుండి సలాం మరికొన్నిసార్లు వినాలన్న ఆశతో సఅద్ (ర) వినబడనంత మెల్లగా జవాబిస్తూ వచ్చారు. మూడుసార్లు అయ్యాక దైవప్రవక్త (స) వెనుదిరిగారు. సఅద్ (ర) పరుగున వెంటవెళ్లి సంగతి చెప్పి తోడుకుని వచ్చారు. వెనుదిరిగిన అతిథి కోసం ఇంటివారు వెంటపడటం అంటే ఇది. ఇరవై ఎనిమిదో సారి తలుపు బాదే వ్యాపారి వెంట ఎవరూ పరుగెత్తరు.

అందువల్ల కొన్ని నెలలుగా జవాబు లేని, ఆర్డరు లేని వారికి ‘ఈ ఉత్తరాలు కొనసాగించమంటారా?’ అని ఒకటి రెండుసార్లు మర్యాదగా అడిగి, ఉలుకూ పలుకూ లేకుంటే పేరు తీసివేయండి. జాబితా చిన్నదవుతుందని బాధ అక్కర్లేదు. ‘ఇక చాలు’ అన్నవారిని కారణం అడగవద్దు, బతిమాలవద్దు, నాలుగు పేజీలు దాటించి అలసిపోయేలా చేయవద్దు. వెళ్లమంటే వెళ్లడమే మీకు పరిశుద్ధమని ఆయతు చెప్పింది, అందులో చిన్నబుచ్చుకోవడానికి ఏమీ లేదు. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ కూడా పెద్ద సంఖ్యలో పంపేవారికి ఇదే షరతు పెట్టాయి. ఒక్క నొక్కుతో మానుకునే వీలు ఉండాలి, వద్దన్నవారికి రెండు రోజులలో ఆపాలి, స్పామ్ ఫిర్యాదులు వెయ్యికి మూడుకు చేరకుండా చూసుకోవాలి. రోజుకు 5,000కు మించి పంపేవారికే ఈ నియమాలన్నీ పూర్తిగా వర్తిస్తాయి గాని, చిన్నవారి ఉత్తరాలు కూడా ఫిర్యాదులు పెరిగితే స్పామ్ అరలోకి వెళ్లిపోతాయి. అప్పుడు కోరుకున్నవారికి కూడా అందవు.

వేళ గురించి ఒక మాట. శుక్రవారం జుముఆ అజాన్ వేళకు, రమజాన్ చివరి పది రాత్రులలో అర్ధరాత్రి దాటాక సందేశాలు వెళ్లేలా ముందుగా అమర్చిపెట్టుకోవడం మన వ్యాపారులలోనూ కనిపిస్తోంది. ఆ సమయంలో అందరూ మేల్కొని ఫోను చేతిలో పట్టుకుని ఉంటారన్నది వారి లెక్క. వ్యాపారమూ క్రయవిక్రయాలూ ఎవరిని అల్లాహ్ స్మరణ నుండి మళ్లించలేవో అటువంటి మనుషులను నూర్ సూరా 37వ ఆయతు ప్రశంసించింది. మన సందేశం ఆ మనుషులనే మళ్లించే పనికి పూనుకుంటే ఎలా?

చివరిగా, జాబితాను దాచుకోవడం. బట్టలు కుట్టే సోదరి వద్ద ఈమెయిల్ మాత్రమే ఉండదు. స్త్రీల శరీర కొలతలు, ఇంటి చిరునామా, ఫోను నంబరు, కొన్నిసార్లు నమూనా కోసం పంపిన ఫోటో కూడా ఉంటాయి. ఆ ఫోను ఇంట్లో ఎవరెవరి చేతుల్లోకి వెళుతుందో ఆలోచించుకోవాలి. కొలతలూ ఫోటోలూ తాళం వేసిన ఫైలులో ఉండాలి, పని అయ్యాక ఫోటోలు చెరిపివేయాలి. అందరికీ ఒకేసారి రాసేటప్పుడు చిరునామాలన్నీ ‘టు’ గడిలో గానీ ‘సీసీ’ గడిలో గానీ పెడితే ప్రతి ఒక్కరికీ మిగిలినవారి చిరునామాలు కనబడతాయి. పరదా పాటించే స్త్రీ చిరునామాను అపరిచితుల చేతికి మనమే అందించినట్లవుతుంది. ‘బీసీసీ’ గడిలో పెట్టండి, లేదా ఒక్కొక్కరికి విడిగా పంపే సేవను వాడండి. దుకాణం మరొకరికి అప్పగించేటప్పుడు కుట్టుమిషన్లతో పాటు ఈ జాబితాను కూడా అమ్ముతామని ఒకరిద్దరు రాశారు. మిషన్లు మీవి, అమ్ముకోండి. జాబితాలోని వారికి ముందుగా ఒక ఉత్తరం రాసి, కొత్త యజమాని వద్ద తమ పేరు ఉండవచ్చునన్నవారి వివరాలు మాత్రమే ఇవ్వండి. మిగిలినవి చెరిపివేయండి.

అరువు ఇచ్చిన కొనుగోలుదారునికి గుర్తుచేసే ఉత్తరం ఎలా రాయాలని ఇద్దరు పాఠకులు అడిగారు. బఖరా సూరాలోని రుణపత్రం ఆయతును ముందు పెట్టుకుని, ఇన్షా అల్లాహ్, వచ్చే నెల ఆ విషయం రాస్తాం.